గంజాం ఇళ్ళలో ‘ఆదిత్య 369’: వినిపించే తెలుగు, కనిపించని తెలుగు

తెలుగు చలనచిత్రం తెలుగునాట ఒకవిధంగా, ఎల్లలు దాటిన తరువాత మరొకవిధంగా బతుకుతుంది. తెలుగునాట అది వినోదం. ఎల్ల అవతల అది వినోదంతోపాటు భాషకు ఆధారం కూడా. ఈ రెండో బతుకు సినిమా హాలులో కంటే ఇంట్లోనే ఎక్కువగా సాగుతుంది కనుక, ఇంటికి చేరే వీడియో రూపాన్ని భాషాదృష్టితో పరిశీలించవలసి ఉంటుంది. క్యాసెట్ అయినా, బిళ్ళ అయినా, ఇప్పటి ప్రసార వేదిక అయినా ఈ మాట వర్తిస్తుంది. ఈ వ్యాసంలో మేము తీసుకున్న ఉదాహరణ ‘ఆదిత్య 369’. తీసుకున్న ప్రాంతం ఒడిశాలోని గంజాం జిల్లా, అందులోనూ బరంపురం.

ముందుగా ప్రాంతం గురించి రెండు మాటలు. గంజాం 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా. ఆనాడు ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, ఛత్రపురం అటు వెళ్ళాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మిగిలాయి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి కూడా అటే వెళ్ళింది. 1992లో గంజాం నుంచి విడదీసిన గజపతి జిల్లాలో ఇప్పుడది ముఖ్యపట్టణం. రాష్ట్రపతి పదవిని అలంకరించిన వి.వి.గిరి గారు 1894లో పుట్టినది బరంపురంలోనే. పటం మీద గీత గీయడం ఒకరోజు పని. ఇళ్ళలో మాట్లాడే మాట ఆ గీతను గుర్తించదు. బరంపురం బజారులో, నేతవారి వీధుల్లో తెలుగు నేటికీ వినబడుతుంది. అయితే వినబడటం ఒకటి, చదవబడటం వేరొకటి. ఒడిశాలో ఒడియా 1954 చట్టంతో అధికార భాష అయింది. సహజంగానే చాలా తెలుగు ఇళ్ళ పిల్లలు ఒడియా బడికో ఇంగ్లీషు బడికో వెళతారు. తెలుగు బడులు లేకపోలేదు కాని, అవి అందరికీ అందుబాటులో లేవు. ఫలితంగా తెలుగు చక్కగా మాట్లాడుతూ, తెలుగు అక్షరాన్ని బొమ్మగా మాత్రమే గుర్తించే తరం తయారయింది. దీన్ని మేము నిందగా అనటం లేదు. ఇది స్థితివర్ణన మాత్రమే.

ఇక చిత్రం. ‘ఆదిత్య 369’ 1991 జులై 18న విడుదలయింది. దర్శకులు సింగీతం శ్రీనివాసరావు, మాటలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా, సమర్పణ ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం. ఒక శాస్త్రజ్ఞుడు కాలయంత్రాన్ని నిర్మిస్తాడు. ఆయన కుమార్తె హేమ, కథానాయకుడు కృష్ణకుమార్, వారితోపాటు ఒక కానిస్టేబులు ఆ యంత్రంలో 1526కు, అంటే శ్రీకృష్ణదేవరాయల కాలానికి చేరతారు. తరువాత యంత్రం భవిష్యత్తులోకి, 2504కు తీసుకుపోతుంది. అక్కడ మూడో ప్రపంచయుద్ధం ముగిసి ఉంటుంది. భూమి ఉపరితలం అణుధార్మికతతో నిండిపోగా మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు. బాలకృష్ణ కృష్ణకుమార్‌గాను, రాయలుగాను నటించారు. తెనాలి రామకృష్ణుడు చంద్రమోహన్. మూడు కాలాలకు వేరువేరు రూపం ఇవ్వవలసిన ఈ చిత్రానికి ముగ్గురు ఛాయాగ్రాహకులు, పి.సి.శ్రీరామ్, వి.ఎస్.ఆర్.స్వామి, కబీర్‌లాల్, పనిచేశారు.

ఈ చిత్రం హెచ్.జి.వెల్స్ 1895లో ప్రకటించిన ‘టైమ్ మెషీన్’ నవలకు అనుసరణ అవునా కాదా అని విద్యార్థులు అడుగుతుంటారు. వెల్స్ నవల తనకు ప్రేరణ అని దర్శకులే చెప్పారు. కాని ప్రేరణ వేరు, అనుసరణ వేరు, అనువాదం వేరు. మూలంలోని పాత్రలు, కథాగమనం ఇందులో లేవు. కాలయంత్రం ఉంది, చెడిన భవిష్యత్తు ఉంది, మనుషులు భూగర్భంలోకి దిగటం ఉంది. దీన్ని మేము విముఖానుసరణ అని పిలవదలచాము. ఒక ఊహను తీసుకుని దాని ముఖాన్ని తిప్పిపెట్టటం అన్నమాట. వెల్స్ కథలో నేలకింద ఉన్నవారు తరతరాలుగా శ్రమపడి అక్కడే స్థిరపడి వికృతులైనవారు. నేలమీద ఉన్నవారు సుఖపడి మెత్తబడినవారు. వర్గభేదం రెండు జాతులుగా చీలిపోయిందన్నది వెల్స్ భయం. మన చిత్రంలో అందరూ కిందే ఉన్నారు, ఎందుకంటే పైన బతకటానికి వీలులేదు. అణ్వాయుధ యుగపు భయం ఇది. ఈ రెండిటికీ నడుమ జార్జ్ పాల్ 1960లో తీసిన ఆంగ్లచిత్రం ఉన్నది. అందులో కాలయాత్రికుడు 1966లో అణుదాడిని చూసి, ఆ తరువాతే 8,02,701వ సంవత్సరానికి చేరతాడు. వెల్స్ భూగర్భానికి అణుయుద్ధాన్ని మొదట కలిపినది ఆ చిత్రమని ఊహించవచ్చు.

ఇలాంటి చెడిన భవిష్యలోకాన్ని పాశ్చాత్యులు డిస్టోపియా అంటారు. తెలుగులో దుర్లోకం అనవచ్చు. దీని వ్యతిరేకపదమైన యుటోపియాను థామస్ మూర్ 1516లో తన గ్రంథానికి పేరుగా పెట్టాడు. దుర్లోకం అన్న అర్థంలో మొదటి పదాన్ని జాన్ స్టూవర్ట్ మిల్ 1868లో బ్రిటిష్ పార్లమెంటులో వాడిన సంగతి ప్రసిద్ధం. 1516 అనేసరికి తెలుగు పాఠకులకు మరొకటి గుర్తుకు రావాలి. అది రాయల కళింగ దండయాత్ర కాలం. మూర్ లేని దేశాన్ని ఊహిస్తున్న ఏడు రాయలు సింహాచలంలో శాసనం వేయించారు. మన చిత్రంలో రాయల కొలువే సల్లోకం, 2504 దుర్లోకం, 1991 నడుమన ఉన్న మెట్టు.

ఇక్కడ గంజాం ప్రేక్షకుని విషయంలో ఒక చిక్కు వస్తుంది. రాయలు ఎవరి మీదికి దండెత్తారు? గజపతి ప్రతాపరుద్రుని మీదికి. ఉదయగిరి 1514లో, కొండవీడు 1515లో పడ్డాయి. పొట్నూరులో జయస్తంభం నాటించారు. చివరికి సంధి కుదిరి, గజపతి కూతురు రాయలకు రాణి అయింది. ఆముక్తమాల్యద రచనకు ప్రేరణగా చెప్పే స్వప్నం కూడా ఈ దండయాత్ర సందర్భంలోనిదే. ఆ కల వచ్చిన శ్రీకాకుళం కృష్ణాతీరంలోనిది, గంజాం పక్కనున్న శ్రీకాకుళం కాదు. ఈ పొరపాటు బరంపురం ప్రాంతంలో తరచుగా వినబడుతుంది కనుక చెబుతున్నాము. బరంపురం ఒకనాటి గజపతుల నేల. అక్కడ ఒడియా పిల్లవానికి తెలిసిన కథ పురుషోత్తమదేవుడు కాంచీని గెలిచిన కథ. ఒడియా తొలి నాటకాలలో ఒకటైన రామశంకర రాయ్ ‘కాంచీ కావేరి’ దాని మీదనే వచ్చింది. అదే వీధిలోని తెలుగు పిల్లవానికి ఇంట్లోని వీడియో రాయల కొలువును స్వర్ణయుగంగా చూపిస్తుంది. ఒకరి సల్లోకం మరొకరికి ఓటమి కథ. ఈ రెండు కథలూ విని పెరగటం ఆ పిల్లవానికి నష్టం అని మేము అనుకోవటం లేదు. హైదరాబాదు పిల్లలకు దొరకని చరిత్రపాఠం అది. అయితే బడిలో కథ అక్షరాల్లో దొరుకుతుంది, ఇంట్లో కథ శబ్దంలో మాత్రమే దొరుకుతుంది. ఈ తేడా చిన్నది కాదు.

ఇంటి వీడియో అనే వస్తువు ఎలా పనిచేస్తుందో ఇప్పుడు చూద్దాం. ఎందుకంటే అక్షరానికి చోటు ఉందా లేదా అన్నది ఆ వస్తువు నిర్మాణమే నిర్ణయిస్తుంది.

మొదటిది వీహెచ్‌ఎస్ క్యాసెట్. 1976లో జపానులో వచ్చిన ఈ టేపు మన దేశంలో 1982 ఏషియాడ్ కాలంలో రంగుల టీవీతో పాటు వ్యాపించింది. ఇతర చిన్న పట్టణాలలో మాదిరే బరంపురంలోనూ టీవీని, వీసీఆర్‌ను, నాలుగు క్యాసెట్లను ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుని వీధివారంతా చూసిన రోజులున్నాయి. టేపులో బొమ్మ ఒకటి, ధ్వని ఒకటి. అక్షరం కావాలంటే బొమ్మమీదనే శాశ్వతంగా అచ్చువేయాలి, దాన్ని ఇష్టమైనప్పుడు తీసివేసే వీలులేదు. ఆ రోజుల్లో తెర అడుగున పారిన అక్షరాలు ఏవంటే, వీడియో కంపెనీ పేరు, దుకాణం చిరునామా, వస్త్రాలయాల ప్రకటనలు. కదిలే బొమ్మకింద అక్షరం చదవటం సాధ్యమేనని ఆ ప్రకటనదారులు అందరికంటే ముందు కనిపెట్టారు! వెడల్పు తెరకోసం తీసిన బొమ్మను చదరపు టీవీలో ఇమడ్చటానికి రెండువైపులా కోసివేయటం కూడా అప్పటి అలవాటే.

చట్టం సంగతి కూడా ఒక్కమాట. దొంగ క్యాసెట్ల బెడద పెరగటంతో కాపీరైటు చట్టాన్ని 1984లో సవరించారు. వీడియో చిత్రంలోను, దాని డబ్బామీద కూడా సెన్సారు ధృవీకరణ పత్రం నకలు, తయారుచేసినవారి పేరు, చిరునామా, హక్కుదారుని వివరాలు చూపాలన్న నియమం అప్పుడే వచ్చింది. ఎవరిది అన్న ప్రశ్నకు చట్టం జవాబు అడిగింది. ఏ లిపిలో అన్న ప్రశ్న ఎవరికీ తోచలేదు.

రెండోది వీడియో సీడీ. 1993లో దీని ప్రమాణం నిర్ణయమయింది. ఒక బిళ్ళలో సుమారు 74 నిమిషాలు పడతాయి కనుక 141 నిమిషాల ‘ఆదిత్య 369’ వంటి చిత్రానికి రెండు బిళ్ళలు కావాలి. దీనిలో కూడా ఉపశీర్షికలకు వేరే అర లేదు. కుడి ఎడమ ధ్వనిమార్గాలు రెండింటిలో రెండు భాషలు పెట్టవచ్చు గాని, అక్షరం మళ్ళీ బొమ్మమీద అచ్చే.

మూడోదైన డీవీడీతో స్థితి మారింది. 1996-97లో వచ్చిన ఈ బిళ్ళలో ఎనిమిది ధ్వనిమార్గాలు, ముప్పైరెండు ఉపశీర్షిక మార్గాలు పెట్టవచ్చు. భాషావేత్తలు గమనించవలసిన విశేషం ఏమిటంటే, డీవీడీ ఉపశీర్షికలు అక్షరసంకేతాలుగా కాక చిన్న చిన్న బొమ్మలుగా నిక్షిప్తమవుతాయి. కనుక చూసేవారి యంత్రంలో తెలుగు ఫాంటు ఉండనక్కరలేదు. వత్తులు విరిగిపోతాయన్న భయం లేదు. ఒకసారి తెలుగులో కూర్చి బొమ్మగా మారిస్తే చాలు, ప్రపంచంలో ఏ యంత్రంలోనైనా అది సరిగ్గా కనిపిస్తుంది. తెలుగు లిపికి సాంకేతికంగా ఏ అడ్డంకీ లేని వేదిక అది. అయినా తెలుగు చిత్రాల డీవీడీలలో సాధారణంగా కనిపించినవి ఇంగ్లీషు ఉపశీర్షికలు మాత్రమే. తెలుగు రానివారికి అక్షరం ఇచ్చారు. తెలుగు వచ్చి చదవటం రానివారిని ఎవరూ తలచలేదు. ముప్పైరెండు గదులున్న ఇంట్లో తెలుగుకు ఒక గది దొరకకపోవటానికి కారణం స్థలం లేక కాదు, అడిగినవారు లేక.

ఇప్పటి ప్రసార వేదికలలో ఉపశీర్షిక పాఠరూపంలోనే వస్తుంది. దీనికి యూనికోడ్ కావాలి. తెలుగు లిపి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే చేరింది. ఆ ప్రమాణం ప్రచురితమయినది 1991 అక్టోబరులో, అంటే ‘ఆదిత్య 369’ విడుదలయిన మూడు నెలలకు. ఇప్పుడు కొన్ని వేదికలు కొన్ని తెలుగు చిత్రాలకు తెలుగు అక్షరాలలో కూడా ఉపశీర్షికలు ఇస్తున్నాయి. పాతచిత్రాల విషయంలో ఆ భాగ్యం అరుదు.

విన్నమాటనే అదే భాషలో తెరమీద చూపే ఈ పద్ధతి కొత్తది కాదు. అహ్మదాబాదు ఐఐఎమ్‌లో ఆచార్య బ్రిజ్ కొఠారీ 1996లో దీన్ని అక్షరాస్యతకు సాధనంగా ప్రతిపాదించి, 1999లో గుజరాతీ సినిమాపాటల టీవీ కార్యక్రమం ‘చిత్రగీత్’లో అమలు చేయించారు. పాట తెలిసినదే. పదం వినబడుతున్నప్పుడే అక్షరం రంగు మారుతూ కనబడుతుంది. కన్ను అప్రయత్నంగా దాన్ని వెంబడిస్తుంది. చదవటం నేర్చి మరిచిపోయినవారికి అక్షరం తిరిగి పట్టుబడుతుంది. ఆ ప్రయోగం ఒక రాష్ట్రంలో, ఆ రాష్ట్రభాషలో జరిగింది. గంజాం పరిస్థితి దానికి కొంచెం భిన్నం, ఇంకా చెప్పాలంటే కొంత అనుకూలం. ఎందుకో వివరిస్తాము.

గంజాం పిల్లవాడు నిరక్షరాస్యుడు కాడు. ఒడియా చదవగలడు. ఒడియా, తెలుగు లిపులు రెండూ బ్రాహ్మీ సంతానమే. అచ్చుల వరస, క నుంచి హ వరకు హల్లుల వరస, హల్లుకు అచ్చు గుర్తు చేర్చే గుణింతం, హల్లుకింద హల్లు వేసే సంయుక్తాక్షరం, ఇవన్నీ అతనికి ఒడియా బడి నేర్పింది. ణకారం, ళకారం రెండు భాషల్లోనూ ఉన్నాయి. పదాంతంలో అచ్చును మింగివేయకుండా పలకటంలో హిందీ, బంగ్లా భాషలకంటే ఒడియాయే తెలుగుకు దగ్గర. కనుక అతను నేర్చుకోవలసింది లిపి అనే వ్యవస్థను కాదు, ఆ వ్యవస్థకు మరొక ముఖాన్ని మాత్రమే. లండనులో పెరిగే తెలుగు పిల్లవానికి ఈ సౌకర్యం లేదు.

చిక్కులు కొన్ని లేకపోలేదు. ఒడియా లిపిలో ఎ, ఏ లకు వేరువేరు అక్షరాలు లేవు. ఒ, ఓ లకూ లేవు. మెడ, మేడ అనే రెండు మాటలు అతని నోట వేరుగానే పలుకుతాయి, వాటిని వేరుగా రాయవచ్చునన్న అవగాహన మాత్రం బడిలో కలగలేదు. కొన, కోన కూడా అంతే. ఇ, ఈ ల విషయంలో చిక్కు వేరు. ఒడియా రాతలో ఆ భేదం ఉన్నది గాని పలుకులో దాదాపు లేదు. తెరమీద ‘మేడ’ అన్న అక్షరాలు కనిపిస్తున్న క్షణంలోనే ఆ దీర్ఘం వినబడితే, ఏ గుణింతపుస్తకం చెప్పలేని పాఠం ఆ క్షణంలో జరుగుతుంది.

పదజాలంలో మరొక విశేషం గమనించాము. రాయల కొలువు ఘట్టాలలో మాటలు సంస్కృత సమాసాలతో సాగుతాయి. తెలుగునాటి పిల్లలకు అవే కష్టం, ఆధునిక ఘట్టాలు సులభం. బరంపురంలో మాకు పరిచయమున్న ఒకరిద్దరి ఇళ్ళలో ఇది తలకిందులుగా కనిపించింది. ఆజ్ఞ, పరాక్రమం, ప్రజలు వంటి తత్సమాలు ఒడియా బడిలో నిత్యం ఎదురయ్యేవి కనుక కొలువు మాటలు పిల్లలకు తేలికగా అందాయి. వారు తడబడినది 1991 నాటి హైదరాబాదు, విజయవాడ హాస్యోక్తులవద్ద. తత్సమాలలో కూడా వంచకులు ఉన్నారు. ఉపన్యాసం అంటే ఒడియాలో నవల. అవసర అంటే తీరిక, ఉద్యోగవిరమణ. చేష్ట అంటే ప్రయత్నం. అభిమానం అంటే ఆత్మీయులమీద వచ్చే అలక. ‘నాకు మీరంటే అభిమానం’ అన్న వాక్యాన్ని అక్షరాలా ఒడియాబుద్ధితో అర్థం చేసుకుంటే కథ ఎటుపోతుందో ఊహించవచ్చు. విన్నప్పుడు జారిపోయే ఇలాంటి మాట, రాతలో కనబడితే ఒకక్షణం ఆగి అడగటానికి వీలిస్తుంది.

ఇంతవరకు చదివినవారికి, దుర్లోకకథ ప్రస్తావన ఎందుకు, ఏ చిత్రమైనా సరిపోదా అన్న సందేహం రావచ్చు. సరిపోతుంది. కాని ఈ కథాపరంపరకు చదువుతో ప్రత్యేకమైన సంబంధం ఉంది. వెల్స్ నవలలో కాలయాత్రికుడు భవిష్యత్తులో ఒక పాడుబడ్డ ప్రదర్శనశాలకు వెళతాడు. అక్కడ పుస్తకాలు కుళ్ళి చీలికలై వేలాడుతుంటాయి. నేలమీది జాతి భాష కూడా కుంచించుకుపోయి ఉంటుంది. వారి వాక్యాలు రెండుమాటలు దాటవు, అమూర్తభావాలకు పదాలు లేవు. జార్జ్ పాల్ చిత్రంలో యాత్రికుడు పుస్తకాన్ని పట్టుకోగానే అది పొడి అయి రాలుతుంది. ఆ జాతి చరిత్ర అంతా మాట్లాడే ఉంగరాలలో మిగిలి ఉంటుంది. బల్లమీద తిప్పితే అవి పలుకుతాయి. వినవచ్చు, చదవటానికి ఏమీ లేదు. వెల్స్ మునిమనుమడు సైమన్ వెల్స్ 2002లో తీసిన చిత్రంలో ఇది మరింత దూరం పోయింది. అక్కడి జనానికి వేరే భాష ఉంది. ఇంగ్లీషును వారు శిలాభాష అంటారు. శిథిలమైన ఫలకాలమీద మిగిలిన రాతల ద్వారా దాన్ని పిల్లలకు నేర్పుకుంటారు. శాసనాల ద్వారా మాత్రమే బతికే భాష అన్న ఊహ మాకు ఎంతో నచ్చింది. తెలుగుకు కూడా ఇలాంటి శిలాదశ ఒకటి ఉన్నది. తొలి తెలుగును మనం తెలుసుకున్నది రాళ్ళమీదనే.

మన చిత్రంలో ప్రదర్శనశాల ఉంది గాని, అక్కడ పోగొట్టుకునేది పుస్తకం కాదు, రాయలనాటి వజ్రం. కథకు వజ్రమే కావాలి, కాదనము. కాని బరంపురంలో తెలుగు వీడియో ఇంతకాలం మాట్లాడే ఉంగరమే అయింది. తిప్పితే పలికింది. ఏళ్ళతరబడి తెలుగును పలికించిన దాని మేలును తక్కువచేసి చెప్పబోము. అది లేకపోతే కొన్ని ఇళ్ళలో ఆ పలుకు కూడా మిగిలేది కాదేమో. కాని ఆ ఉంగరానికి రాత లేదు.

ఇప్పుడు ఈ విషయం ఎత్తటానికి తక్షణ కారణం ఉంది. ‘ఆదిత్య 369’ను 4కె రూపంలో పునరుద్ధరించి 2025 ఏప్రిల్ 4న మళ్ళీ హాళ్ళలో విడుదల చేశారు. అంతకు ముందు సంవత్సరం సింగీతంవారి మార్గదర్శకత్వంలో నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏడీ’ వచ్చి, తెలుగులో దుర్లోకకథకు కొత్త ప్రేక్షకులను తెచ్చింది. పునరుద్ధరించిన చిత్రాలు ఈనాడో రేపో కొత్త ప్రతులుగా ఇళ్ళకు చేరక తప్పదు. బొమ్మమీది గీతలు తుడిచి, ధ్వనిని శుద్ధిచేసేంత శ్రమ పడినప్పుడు, మాటలను అక్షరాలలో పెట్టే ఖర్చు దాని పక్కన స్వల్పం. పైగా 2024 మార్చిలో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వశాఖ, వినికిడి లోపం ఉన్నవారికోసం సినిమా హాళ్ళలో శీర్షికలు అందుబాటులో ఉంచాలని మార్గదర్శకాలు జారీచేసింది. అవి హాళ్ళకు సంబంధించినవే అయినా, ఒకసారి తయారైన తెలుగు పాఠం ఇంటికి చేరటానికి మళ్ళీ శ్రమ అక్కరలేదు.

శ్రమ ఉన్నది వేరొకచోట. ఏ తెలుగు రాయాలి? ఉపశీర్షికలో వరసకు ముప్పైఅయిదు, నలభై అక్షరాలకు మించితే కన్ను అందుకోలేదు. రెండు వరసలకు మించితే బొమ్మ కనబడదు. ఇంగ్లీషువారికి మాట చిన్నది, ఎక్కడైనా విరవవచ్చు. తెలుగులో ‘చెప్పలేకపోయినవాళ్ళకెవరికైనా’ అన్నది ఒక్క ఊపిరిలో పలికే పదం. సంధి కలిపి రాస్తే కొత్తపాఠకుడు బెదురుతాడు. విడదీసి రాస్తే వినబడేదీ కనబడేదీ ఒకటి కాదు. మా అభిప్రాయంలో మొదటి నియమం వినబడినట్టు రాయటమే. వ్యాకరణాన్ని కాపాడటానికి ఇది చోటు కాదు. కొలువు ఘట్టాలలో సమాసాలను మాత్రం అర్థం చెడని చోట విరవవచ్చు.

మాండలికం సంగతి ఇంకా సున్నితమైనది. గంజాం తెలుగు ఉత్తరాంధ్ర తెలుగుకు దగ్గర. ఏమిటి అనేదాన్ని ‘ఏటి’ అంటారు. వచ్చేశాను అనేదాన్ని ‘వచ్చీసినాను’ అంటారు. తెలుగు సినిమా ఈ పలుకును చాలాకాలం నౌకరుకో, హాస్యగానికో ఇచ్చింది. తన ఇంటిపలుకు తెరమీద నవ్వు పుట్టించటానికే వాడబడుతున్నదని బరంపురం పిల్లవాడు గ్రహిస్తాడు. ఎవరూ చెప్పనక్కరలేదు. ఉపశీర్షిక రాసేవారు ‘వచ్చీసినాను’ అని పలికినదాన్ని ‘వచ్చేశాను’ అని దిద్దితే ఆ అవమానానికి రాతపూర్వకమైన ముద్ర వేసినట్టవుతుంది. పర్లాకిమిడిలో కూర్చుని వ్యవహారభాషకోసం, సవరలిపి లేని సవరభాషకోసం జీవితం ధారపోసిన గిడుగువారు పుట్టి పెరిగిన ప్రాంతంలో ఆ పని జరగరాదు. పలికినది పలికినట్టే అక్షరంలో ఉండాలి.

రెండు గంటలు దాటిన చిత్రానికి వెయ్యికి పైగా ఉపశీర్షికలు అవసరమవుతాయి. తెలుగు శాఖలలో స్నాతకోత్తర విద్యార్థి ఒకరు ధ్వనిశాస్త్రం పాఠంలో భాగంగా ఒక సెమిస్టరులో ఒక చిత్రపు మాటలను లిప్యంతరం చేయగలరు. అది సిద్ధాంతవ్యాసానికి సామగ్రి అవుతుంది, హక్కుదారులు అంగీకరిస్తే ఉపశీర్షికకు పాఠమూ అవుతుంది. మొదట ‘ఆదిత్య 369’ కొలువు ఘట్టాన్ని తీసుకోవాలని, దాన్ని ఒడియా మాత్రమే చదవగల నలుగురు తెలుగు పిల్లలకు బరంపురంలో చూపి, రెండో వారానికి వారు ఏయే అక్షరాలు గుర్తుపట్టగలుగుతున్నారో లెక్కించాలని మేము సూచిస్తున్నాము. ఎ, ఏ ల పట్టిక ముందే తయారుచేసి ఉంచాలి.